పాత కారుకు సత్యమైన పటము

అనంతపురము జిల్లా పడమటి అంచున, కర్ణాటక సరిహద్దును ఒరసికొని, రాయదుర్గమునకు అనతిదూరమున నున్న గుమ్మఘట్ట మండలము వర్షచ్ఛాయా ప్రదేశము. నైరృతి మేఘములను పడమటి కనుమలు అడ్డగించుటచేతను, ఈశాన్య ఋతుపవనము తన సంపదను చాలవరకు తూర్పు తీరముననే విడిచివచ్చుటచేతను, ఈ జిల్లాకు సాలీనా లభించు వర్షము సగటున 550 మిల్లీమీటర్లకు అటునిటుగా మాత్రమే యుండును. మండలములోనే భైరవానితిప్ప యొద్ద వేదవతికి అడ్డముగా కట్టిన జలాశయము నిండిన సంవత్సరములకంటె నిండని సంవత్సరములే ఇచటి రైతులకు ఎక్కువగా జ్ఞాపకమున్నవి. వేరుసెనగను నమ్ముకొని, వానను నమ్మలేక బ్రతుకుచున్న ఇట్టి సీమలో ఒక కుటుంబము కారు కొనుట సాధారణముగా విలాసార్థము గాదు. రాత్రివేళ రోగిని బళ్ళారికో అనంతపురమునకో చేర్చుటకు, పిల్లలను కళాశాలలో దింపి వచ్చుటకు, బంధువుల శుభాశుభములకు సకాలమున అందుటకు అది సాధనము. కావుననే అది అమ్మకమునకు వచ్చు సందర్భము కూడ తరచు అవసరముచేతనే సంభవించును: పంట తప్పి అప్పు తీర్చవలసి వచ్చుటయో, కుమార్తె పెండ్లియో, కుటుంబమంతయు బెంగళూరునకు తరలిపోవుటయో కారణమగును. అట్టి తరుణమున ఆ కారుకు న్యాయముగా రావలసిన వెల రాకపోయినచో ఆ లోటు ఆ ఇంటి సంవత్సర గ్రాసమునకే తగులును.

ఆ వెలలో అధికభాగమును నేడు నిర్ణయించుచున్నది ప్రకటనలోని పటము, అనగా ఛాయాచిత్రము. మునుపు పాత కారు అమ్మదలచినవాడు మెకానిక్కు చెవిన వేసెడివాడు, దళారికి చెప్పెడివాడు, లేదా దినపత్రికలో రెండు పంక్తుల ప్రకటన వేయించెడివాడు. కొనువాడు బస్సెక్కి వచ్చి, బండి చుట్టును తిరిగి చూచిన పిమ్మటనే బేరము మొదలయ్యెడిది. నేడు ఓఎల్ఎక్స్, కార్‌దేఖో మొదలగు వేదికలపై కొనువాడు తన యింట కూర్చుండియే, అరచేతిలోని తెరపై వరుసగా సాగిపోవు వందల కార్ల నడుమ ఒక్కొక్కదానిపై క్షణకాలము చూపు నిలిపి, మనసు పట్టినదానిని తెరచి, పట్టనిదానిని దాటిపోవుచున్నాడు. పెద్ద నగరములోని విక్రేతకు బండిని పరీక్షించుటకు ఇంటికే మనుష్యులను పంపు సంస్థలున్నవి, పాత వాహనములను వరుసగా నిలిపి అమ్ము దుకాణములున్నవి. గుమ్మఘట్టనుండి అమ్మువానికి అట్టి ఆసరా తక్కువ. ఎచ్చటనో ఉన్న మనుష్యుని గంటల తరబడి ప్రయాణమునకు ఒప్పింపవలసిన భారమంతయు కొలది ఛాయాచిత్రములపైననే పడును.

కొనువానిని వెనుకకు లాగు సంశయమునకు మూలమేమియో తెలిసికొన్నగాని పటము ఎట్లుండవలెనో తెలియదు. 1970లో అమెరికా ఆర్థికశాస్త్రజ్ఞుడైన జార్జి ఏకర్లాఫ్ పాత కార్ల విపణినే ఉదాహరణముగా గ్రహించి ఒక వ్యాసమును ప్రకటించెను. 2001లో ఆయనకు మరియిద్దరు పండితులతోపాటు నోబెల్ బహుమానము లభించుటకు ఆ వ్యాసములోని ఆలోచనయే ఆధారమైనది. ఆయన వాదము సులభగ్రాహ్యము. కారు మంచిదో చెడ్డదో అమ్మువానికి తెలియును, కొనువానికి తెలియదు. తెలియనివాడు ప్రతి కారును అనుమానించి, మంచిచెడ్డల నడుమ ఏదో ఒక మధ్యస్థపు ధరను మాత్రమే ఇచ్చుటకు సిద్ధపడును. ఆ ధర తనకు గిట్టక మంచి కారు గలవాడు అంగడినుండి తొలగిపోవును. మంచివి తొలగినకొలది మిగిలినవానిలో చెడ్డవే అధికమై, కొనువాని అనుమానము నిజమై, ధర మరింత దిగజారును. చమురు మార్పించుటలో ఏనాడును ఉపేక్ష చేయక, ఎండకు కప్పి, గుంతలలో మెల్లగా నడిపి, పది సంవత్సరములు కంటికి రెప్పవలె కాపాడిన యజమాని కూడ, ఎవరో ముక్కుమొగము తెలియనివారు చేసిన మోసములకు తన ధరలో శిస్తు చెల్లింపవలసి వచ్చుచున్నది. పెద్ద సంస్థ యైనచో తన పేరును, పూచీపత్రమును చూపి ఈ సంశయమును తొలగింపగలదు. ఒంటరి రైతుకు చూపదగినది సాక్ష్యము ఒక్కటియే. కనుక ఛాయాచిత్రము యొక్క ప్రయోజనము కారును అలంకరించుటయందు గాక, చూచువాని సందేహములను ఒక్కొక్కటిగా తీర్చుటయందున్నది. ఈ వ్యాసములో మున్ముందు చెప్పబోవునదంతయు ఈ యొక్క సూత్రమునకు వ్యాఖ్యానమే.

నిజమునకు ఈ సీమ రైతుకు ఇది క్రొత్త పాఠము గాదు. ఎద్దుల సంతలో పండ్లు చూచి వయస్సును, సుళ్ళు చూచి లక్షణమును, నాలుగడుగులు నడిపించి కాళ్ళ సత్తువను తెలిసికొన్న పిమ్మటగాని తువ్వాలు క్రింద వ్రేళ్ళు పట్టి ధర చెప్పరు. నోరు తెరచి చూపుటకు వెనుదీసిన అమ్మకందారుని యెద్దు ఎంత నిగనిగలాడినను దానిని అడుగువాడుండడు. కారు పటములలో కూడ ఎరిగినవాడు మెరుగును దాటి ఆ పండ్లనే వెదకును: టైర్లు, మీటరు, ఇంజను, తలుపుల అంచులయందలి తుప్పు, ఇవియే అతని చూపు నిలుచు తావులు.

క్రొత్త కారునకును పాత కారునకును గల ఒక భేదమును గూడ గుర్తింపవలెను. ఇదే కరవు పీఠభూమిపై, పెనుకొండ సమీపమున ఎర్రమంచి యొద్ద, 2019లో కియా కర్మాగారమునుండి కార్లు వెలువడుట ఆరంభమైనది. సాలీనా లక్షల సంఖ్యలో కార్లను నిర్మింపగల సామర్థ్యము దానికి కలదు. అట్టి కర్మాగారమునుండి ఒకే నాడు వెలువడిన ఒకే రకపు రెండు కార్లకు ఒకే పటము చాలును. ఆ పటమును కంపెనీవారు నిపుణులచేత తీయించి లోకమంతటను ప్రకటింతురు. పది సంవత్సరములు గడచిన పిమ్మట ఆ రెండు కార్లలో ఒకదానికొకదానికి పోలిక యుండదు. ఒకటి నల్లరేగడి బాటలలో నలిగి యుండును, ఒకటి నీడపట్టున నిలిచి యుండును. కాబట్టి ఇంటర్నెట్టులో దొరకు కంపెనీ బొమ్మను తెచ్చి తన ప్రకటనలో అతికించువాడు తన కారును చూపుట మానుకొన్నవాడగుచున్నాడు. పాత కారుకు చిత్రకారుడు యజమానియే కావలెను.

దుమ్ము, నీరు

మొదటి పని శుభ్రపరచుట. ఇచటి దుమ్ములో గాజునుగూడ గీయగల చెకుముకి జాతి యిసుక రేణువులు కలసియుండును. అందుచేత పొడిగుడ్డతో దుమ్మును రుద్ది తుడుచుట రంగుపై సన్నని వలయాకారపు గీతలను మనచేతులారా గీయుటయే యగును, ఎండ ఏటవాలుగా పడినపుడు ఆ గీతలన్నియు పటములో బయటపడును. నీరు అరుదైన చోట పైపు పెట్టి ధారగా పోయనక్కరలేదు. ఒక బకెట్టు సబ్బునీటికి, ఒక బకెట్టు గుడ్డను జాడించుటకు వేరుగా నుంచుకొని, మొదట మగ్గుతో నీరు చల్లి దుమ్మును నానబెట్టి, పైకప్పునుండి క్రిందికి దిగుచు, మురికి ఎక్కువగా నుండు క్రింది అంచులను, చక్రములను కడపట కడిగినచో కొద్ది నీటితోనే పని ముగియును. ఎండలో కడుగరాదు, బోరునీటిలోని లవణములు కాగిన రేకుపై తెల్లని మరకలై నిలిచిపోవును గనుక, చల్లనివేళ కడిగి మెత్తని గుడ్డతో వెంటనే తడి ఒత్తివేయవలెను. ఆషాఢ శ్రావణములలో ఈ మెట్టనేలలపై వీచు గాలి కడిగిన కారును ఒక్క పూటలోనే మరల దుమ్ముపాలు చేయును. కావున కడుగుటకును ఫోటో తీయుటకును నడుమ ఆలస్యము పనికిరాదు.

కారు లోపల నున్న నీళ్ళ సీసాలు, కాగితములు, సంచులు, కుటుంబపు ఫోటోలు తీసివేయవలెను. దిష్టికై కట్టిన నిమ్మకాయలు, మిరపకాయలు కూడ విప్పివేయుట మంచిది. చూచువాడు ఆ కూర్చుండుచోట తనను, తన వారిని ఊహించుకొనగలుగవలెను. ఇంజనుపై మాత్రము నీరు పోయరాదు. తీగల జోడింపులలో తడి చేరి క్రొత్త చిక్కులు తెచ్చును. అదియుగాక, ఎరిగినవాడు మితిమీరి మెరయు ఇంజనును చూచి, చమురు కారుటను దాచుటకే కడిగిరని శంకించును. పొడిగుడ్డతో దుమ్ము దులిపి, బ్యాటరీ తీగల మొదళ్ళయందలి తెల్లని పొక్కును తొలగించిన చాలును. టైర్లకు నల్లని మెరుగునూనె దట్టముగా పూయుటయు ఇట్టిదే. అది రబ్బరు పగుళ్ళను కప్పుటకు చేసిన పనివలె కనబడును.

వెలుతురు

గుమ్మఘట్ట భూమధ్యరేఖకు ఉత్తరమున సుమారు పదునాలుగున్నర డిగ్రీలలో నున్నది. అందుచేత ఏప్రిల్ మాసపు చివరి దినములలోను, మరల ఆగస్టు నడుమను, మధ్యాహ్నమున సూర్యుడు ఇచ్చట సరిగా నడినెత్తికి వచ్చును. ఆ దినములకు అటునిటు కొన్ని వారములు కూడ పరిస్థితి ఇంచుమించుగ అదియే. అట్టి వేళ తీసిన పటములో బానెట్టు, పైకప్పు కన్ను చెదరునట్లు తెల్లబారి, తలుపులు, చక్రములు, బంపరు క్రింది భాగము చీకటిలో మునిగిపోవును. మన కన్ను ఒకే చూపులో వెలుగును నీడను సమన్వయపరచుకొనగలదు. కెమెరాకు ఆ శక్తి పరిమితము. అందుచేత సూర్యోదయము తరువాతి మొదటి గంటయు, అస్తమయమునకు ముందటి చివరి గంటయు ఈ పనికి ఉత్తమములు. అపుడు కిరణములు ఏటవాలుగా వచ్చి కారు ప్రక్కలను సమముగా వెలిగించును. సూర్యుడు తీయువాని వెనుకనుండి కొంచెము ప్రక్కకు ఉండునట్లు నిలువవలెను. సరిగా వీపువెనుక ఉన్నచో తీయువాని పొడుగాటి నీడయే కారుపై పడును.

సూర్యుడు అస్తమించిన పిమ్మట కొలది నిమిషములపాటు ఆకాశమంతయు ఒకే దీపమువలె పరచుకొను మెత్తని వెలుతురు కారు రంగును చూపుటకు మిక్కిలి అనుకూలము. కారు పైపూత అద్దము వంటిది. దానిపై మనకు కనబడు మెరుగులో చాలభాగము చుట్టుపట్ల వస్తువుల ప్రతిబింబమే. బయలు ప్రదేశమున, ఆ వెలుతురులో, క్షితిజరేఖ కారు ప్రక్కలయందు ఒక నిడుపాటి గీతగా ప్రతిఫలించును. రేకు చక్కగా నున్నచోట ఆ గీత వంకరలేక సాగును. సొట్ట ఉన్నచోట మెలిక తిరుగును. అనుభవజ్ఞుడైన కొనుగోలుదారుడు పటములో ఆ గీతనే అనుసరించి చూచును. సొట్టలు లేని కారు గలవానికి తన కారు రేకు నిర్దోషమని ఋజువు చేయుటకు ఇంతకు మించిన సాధనము లేదు.

నేల, దూరము, రంగు

నేలను ఎన్నుకొనుట ఈ ప్రాంతమున ప్రత్యేకించి ముఖ్యము. ఎర్రమట్టిపై తెల్ల కారును నిలిపి ఎండవేళ ఫోటో తీసినచో, నేలనుండి పైకెగయు ఎర్రని కాంతి తలుపుల క్రింది సగమును లేత కాషాయముగా చూపును. దూరమున నున్న కొనువాడు అది చూచి ఆ భాగమునకు క్రొత్తగా రంగు వేయించిరని, ఏదో ప్రమాదము జరిగియుండునని తలచును. ఒక్క నేల రంగు మూలమున నిర్దోషియైన కారుపై నింద పడుట ఎంతటి అన్యాయము! కావున తారు రోడ్డు ప్రక్కన రాకపోకలు లేనిచోట గాని, సిమెంటు కళ్ళము మీద గాని, చదునైన రాతి బండపై గాని కారును నిలుపవలెను. వెనుకవైపు దృశ్యము నిరాడంబరముగా నుండవలెను: గోడ యైనచో ఒకే రంగు గోడ, బయలైనచో దూరపు కొండ. కరెంటు స్తంభము కారు నెత్తినుండి మొలచినట్లు కనబడకుండ ఒక అడుగు అటునిటు జరిగి చూచుకొనవలెను.

తరువాతిది దూరము. సెల్‌ఫోను కెమెరా విశాలదృష్టి గలది. చాలమంది కారు దగ్గరగా నిలిచి, మొత్తము తెరలో పట్టినదిగదా యని మీట నొక్కుదురు. అపుడు ముందరి బంపరు ఉబ్బి, వెనుకభాగము కుదించుకొనిపోయి, కారు తన రూపమును కోల్పోవును. దీనికి కారణము చిన్న లెక్కలో తెలియును. సుమారు 11 అడుగుల పొడవు గల చిన్న కారుకు నాలుగు అడుగుల దూరమున నిలిచినచో, వెనుక కొన మనకు 15 అడుగుల దూరమున నుండును. అనగా ముందు కొనకంటె దాదాపు నాలుగు రెట్లు దూరము, కనుక నాలుగవ వంతు పరిమాణములోనే కనబడును. అదే 20 అడుగుల వెనుకకు పోయి నిలిచినచో ముందు కొన 20 అడుగులు, వెనుక కొన 31 అడుగులు; భేదము ఒకటిన్నర రెట్లు మాత్రమే. కాబట్టి వెనుకకు నడచి, ఫోనులో రెండింతల జూమ్ ఎన్నుకొని తీసినచో కారు తన సహజ నిష్పత్తిలో నిలుచును. ఫోనును నిలుచున్న మనుష్యుని కంటి యెత్తున గాక, మోకాలిపై కూర్చుండి హెడ్‌లైటు ఎత్తున పట్టవలెను. నిలువుగా గాక అడ్డముగా పట్టవలెను.

రంగు విషయమున కెమెరాకు ఒక స్వభావము కలదు. అది తన ఎదుటి దృశ్యము మొత్తము మధ్యస్థమైన బూడిద వర్ణపు కాంతి గలదని భావించి లెక్క కట్టుకొనును. ఫలితముగా తెల్ల కారు మాసినట్లును, నల్ల కారు వెలిసినట్లును పటములో వచ్చును. తెరపై కారును వ్రేలితో తాకినపుడు ప్రక్కన కనబడు సూర్యుని గుర్తును తెల్ల కారుకు కొంచెము పైకి, నల్ల కారుకు కొంచెము క్రిందికి జరిపినచో నిజమైన రంగు చేకూరును. రంగులను ఉజ్జ్వలపరచు ఫిల్టర్ల జోలికి పోరాదు.

చూపవలసిన క్రమము

ప్రకటనకు ముఖము వంటిది మొదటి పటము. ముందుభాగమును ఒక ప్రక్కయు కలసి కనబడునట్లు ఏటవాలుగా తీసిన దానినే మొదట నుంచవలెను. ఒక్క చూపులో కారు రూపమంతయు తెలియజేయునది అదియే. పిమ్మట ఒక వరుసలో చుట్టును తిరిగి రావలెను: సూటిగా ముందు, ఎడమ ప్రక్క, వెనుక ఏటవాలు, సూటిగా వెనుక, కుడి ప్రక్క, పైకప్పు. చుట్టివచ్చు ఈ వరుసలో ఏ ఒక్క ప్రక్క లోపించినను కొనువాని మనస్సు ఆ లోపించిన ప్రక్కనే చిక్కుకొనును; అన్నిటిని చూపి ఎడమ వెనుక తలుపును మాత్రము చూపకపోయినచో ఆ తలుపునకు ఏమైనదని అతడు అడుగక మానడు.

లోపలి భాగమును ఫ్లాష్ లేకుండ, తలుపులన్నియు తెరచి, కారును నీడలో నిలిపి తీయవలెను. వెనుక సీటునుండి డ్యాష్‌బోర్డు మొత్తమును, ప్రక్క తలుపు నొద్దనుండి ముందు సీట్లను, వెనుక సీట్లను, పైకప్పు గుడ్డను, డిక్కీని చూపవలెను. డ్రైవరు సీటు అంచు, స్టీరింగు, గేరు పిడి, పాదముల క్రింది పెడల్ రబ్బర్లు, ఇవి కారు ఎంత నడచినదో చెప్పు మూగ సాక్షులు. మీటరు అంకె తక్కువ చూపుచు పెడల్ రబ్బర్లు అరిగిపోయి యున్నచో మీటరును వెనుకకు త్రిప్పిరను అనుమానము బలపడును. నిజముగ తక్కువ నడచిన కారు గలవాడు ఈ రబ్బర్లను దగ్గరగా చూపుట అతనికి గొప్ప లాభము.

మీటరు పటము విషయమున ఒక మెలకువ కలదు. తాళపుచెవిని సగము త్రిప్పినపుడు హెచ్చరిక దీపములన్నియు ఒక్కసారిగ వెలుగును; అది బండి తన్నుతాను పరీక్షించుకొను పద్ధతి. ఇంజను నడువనారంభించిన పిమ్మట చమురు, బ్యాటరీ, ఇంజను, ఎయిర్‌బ్యాగు దీపములు ఆరిపోవలెను. కావున ఇంజను నడచుచుండగా, చేతి బ్రేకు దీపము తప్ప తక్కినవి ఆరియున్న మీటరును, కిలోమీటర్ల అంకె స్పష్టముగా కనబడునట్లు తీసినచో, ఒక్క పటము రెండు సందేహములను తీర్చును. సర్వీసు పుస్తకములోని అంకెలు ఈ అంకెతో పొసగుచున్నచో ఆ పుటలను కూడ, పేరు, ఫోను నంబరు కప్పి, చూపదగును.

టైర్లు వెలలో గణనీయమైన భాగము. స్టీరింగును పూర్తిగ ఒక ప్రక్కకు త్రిప్పినచో ముందు చక్రపు గాడులు ఎదురుగా కనబడును. ఆ స్థితిలో తీయవలెను. మన మోటారు వాహన నియమముల ప్రకారము కారు టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గరాదు. గాడుల నడుమ అడ్డముగ నుండు చిన్న రబ్బరు దిమ్మలు ఆ హద్దును సూచించును. టైరు ప్రక్కన అచ్చుపడిన నాలుగు అంకెలు అది తయారైన వారమును, సంవత్సరమును తెలుపును: 2319 అని యున్నచో 2019వ సంవత్సరము 23వ వారమని అర్థము. ఆ అంకెలు కనబడు పటము నొకదానిని చేర్చిన విక్రేతను చూచి, ఇతనికి దాచవలసినది లేదని కొనువాడు గ్రహించును. స్టెప్నీని, జాకీని, రెండవ తాళపుచెవిని మరువరాదు.

లోపమును చూపుట

ఇంతవరకు చెప్పినది నేర్పు. ఇకముందు చెప్పబోవునది నీతి. పది సంవత్సరముల కారుకు గీతలు, సొట్టలు లేకుండుట అసంభవము. వానిని దాచి తీసిన ఇరువది పటములకంటె, ఒక్క సొట్టను ముందుగనే చూపిన ఒక్క పటము ఎక్కువ నమ్మకమును కలిగించును. ఏలయన, తనకు నష్టము కలిగించు సంగతిని చెప్పినవాడు లాభము కలిగించు సంగతిలో అబద్ధమాడడని మనుష్యస్వభావము నమ్మును. లోపమును రెండు పటములలో చూపవలెను: కారుపై అది ఎచ్చట నున్నదో తెలియునట్లు దూరమునుండి ఒకటి, దాని పరిమాణము తెలియునట్లు ప్రక్కన ఒక రూపాయి నాణెము పట్టి దగ్గరనుండి ఒకటి. సొట్టకు వెలుతురు ప్రక్కనుండి పడవలెను. ఎదుటినుండి పడినచో అది కనబడదు. పటము క్రింద ఒక వాక్యము చేర్చవలెను: గోడకు రాచుకొన్నదో, ఎద్దు కొమ్ము తగిలినదో, ఎన్నడు జరిగినదో. ఇట్లు చేసినవానికి ఇంకొక లాభము గలదు. కొనువాడు దూరమునుండి వచ్చి, అంతకుముందు చూడని సొట్టను వేలితో చూపుచు, ఒప్పుకొన్న ధరలో కోత అడుగుటకు అవకాశముండదు. ఆ సొట్ట ధరలో ఇదివరకే చేరియున్నది.

ఫోనులో వ్రేలితో రుద్దినంతమాత్రాన గీతను, సొట్టను మాయముచేయు సాధనములు నేడు అందరి చేతులలోను ఉన్నవి. బొమ్మలో కరెంటు తీగను చెరపుట వేరు, కారుపై సొట్టను చెరపుట వేరు. తనకు తెలిసిన సంగతిని, ఎదుటివానిని మోసగించు తలంపుతో పనిగట్టుకొని మరుగుపరచుటను 1872 నాటి భారత ఒప్పందముల చట్టము 17వ సెక్షను మోసముగా పరిగణించుచున్నది. అట్టి మోసముచేత కుదిరిన ఒప్పందమును రద్దు చేసికొను హక్కు మోసపోయినవానికి కలదు. చట్టము మాట అటుంచినను, వంద మైళ్ళు ప్రయాణము చేసి వచ్చినవాడు మొదటి చూపులోనే ఆ అబద్ధమును పట్టుకొని, కారులోని నిజమైన గుణములను కూడ నమ్మక తిరిగిపోవును.

జాగ్రత్తలు

కారును సంపూర్ణముగా చూపవలె నన్నపుడు కాగితములను కూడ చూపవలెనని కొందరు భ్రమపడుదురు. ఆర్‌సీ, ఇన్సూరెన్సు, ఆధార్ కార్డుల ఫోటోలను ప్రకటనలో ఉంచరాదు. వానిని దొంగిలించి, తామే యజమానులమని ఇతరులను మోసగించువారున్నారు. మనుష్యుడు ఎదుటికి వచ్చినపుడే అసలు పత్రములు చూపవలెను. నంబరు ప్లేటును కప్పదలచినచో తెల్లని అట్టముక్కతో శుభ్రముగా కప్పవలెను. ఫోను తీయు ప్రతి ఫోటోలోను, ఆ సదుపాయము తెరచియున్నచో, తీసిన స్థలపు అక్షాంశ రేఖాంశములు గుప్తముగా నిక్షిప్తమగును. ఇంటి ముంగిట తీసిన పటము ఇంటి చిరునామాను మోసికొని పోవునని గ్రహించి, తీయుటకు ముందే కెమెరాలో స్థలసూచనను ఆపివేయవలెను. తీసిన పటములను వాట్సాప్‌లో మామూలుగా చేతులు మార్చి, అటుపిమ్మట ప్రకటనకు ఎక్కించినచో స్పష్టత తగ్గును. తీసిన ఫోనునుండియే నేరుగ ఎక్కించుట మేలు. సైన్యములో పనిచేయుచున్నామని చెప్పి, కారు చూడకయే ధర ఒప్పుకొని, డబ్బు పంపుటకని క్యూఆర్ కోడ్ పంపి పిన్ నొక్కుమనువారిని గూర్చి పోలీసులు పలుమారులు హెచ్చరించియున్నారు. డబ్బు పుచ్చుకొనుటకు పిన్ నంబరు నొక్కవలసిన పని ఎన్నడును లేదని ఇంటిల్లిపాది గుర్తుంచుకొనవలెను.

అమ్మకము కుదిరిన పిమ్మట యాజమాన్య బదిలీకి కావలసిన ఫారము 29, ఫారము 30 పూర్తిచేసి రిజిస్టరులో పేరు మార్పించుటయందు అశ్రద్ధ చేయరాదు. మోటారు వాహనముల చట్టము 50వ సెక్షను ప్రకారము అదే రాష్ట్రములో అమ్మినవాడు 14 దినములలోపల రవాణా శాఖకు తెలియజేయవలెను. బళ్ళారి, చిత్రదుర్గములు చేరువగా నున్న ఈ మండలమువారు పొరుగు రాష్ట్రమువారికి అమ్మినపుడు నిరభ్యంతర పత్రము కూడ తీసికొనవలెను. రిజిస్టరులో ఎవని పేరున్నదో ప్రమాద పరిహారమునకు వాడే బాధ్యుడని సుప్రీంకోర్టు 2018లో స్పష్టపరచినది. అప్పగించిన నాడు కారును, మీటరును మరియొకసారి ఫోటో తీసి తేదీతో భద్రపరచుకొనుట విజ్ఞత.

ఇందులో ఖరీదైన కెమెరాతో గాని, పట్టణపు స్టూడియోతో గాని పని లేదు. కావలసినవి రెండు బకెట్ల నీరు, ఒక ఉదయము, ఒక మామూలు ఫోను, దాచకుండ చూపుటకు తగిన మనోధైర్యము. గుమ్మఘట్టలోను, చుట్టుపట్ల పల్లెలలోను ఫోనును చక్కగా వాడనేర్చిన యువకులు వీధివీధికిని ఉన్నారు. ఫోటోల సంగతి తెలియక దళారి చెప్పినదే ధరయని ఒప్పుకొను పెద్దవారును ఉన్నారు. ఒక ఉదయము ఆ పెద్దల కారు చుట్టును తిరిగి, టైరు అంకెలనుండి తలుపు సొట్టవరకు ఉన్నది ఉన్నట్లుగా చిత్రించి యిచ్చుట ఆ యువకులు చేయదగిన నిజమైన సహాయము. అట్లు ఈ ప్రాంతమునుండి వెలువడు ప్రకటనలు ఒకదాని వెనుక ఒకటి సత్యములని తేలినకొలది, బళ్ళారి, బెంగళూరు నగరముల కొనుగోలుదారులు ఇచటి కార్లను నమ్మి వెదకికొనుచు వత్తురు. ఆ నమ్మకము స్థిరపడిన నాడు పల్లె దూరమను నెపమున ధర తగ్గించి అడుగుటకు ఎవరికిని న్యాయమైన కారణము మిగులదు.